సారె ఊపిన తల

గుర్ర్‌ర్... టక్. గుర్ర్‌ర్... టక్.

వీధి ఇంకా కళ్ళు తెరవలేదు. తలుపులు తీయకముందే, దీపాలు ఆర్పకముందే, ఆ చప్పుడు గోడలు దాటి గడపలు తొక్కి అందరి నిద్రలోకీ నడిచివచ్చింది. గుర్రుమన్నది మోటారు. టక్కుమన్నది ఆ మోటారు తిప్పే కుమ్మరిసారె. సారె అడుగున బేరింగు అరిగి చాలాకాలమైంది. చుట్టు చుట్టుకూ ఒకచోట కుంటుతుంది, కుంటినప్పుడల్లా టక్కుమంటుంది. వీధివాళ్ళు ఆ చప్పుడుకే లేచేవారు, దాన్నే తిట్టుకునేవారు. అది వినిపించని రోజున మాత్రం, "ఏమైందో, గిన్నెలాయనకు ఒంట్లో బాగాలేదేమో!" అని ఒకరినొకరు అడిగేవారు.

గిన్నెలాయన అంటే ఆ సారె ముందు కూర్చునే మనిషి. మట్టిముద్దను నడిమికి తెచ్చి, బొటనవేలితో లోతు చేసి, రెండు చేతుల మధ్య గోడ లేపి, ఆయన గిన్నె చేస్తాడు. అది నీడన ఆరి చెప్పుతోలంత గట్టిపడ్డాక, ఆయన చెల్లెలు దాని చుట్టూ గంటంతో అక్షరాలు చెక్కుతుంది. మన్ను మరీ పచ్చిగా ఉంటే అక్షరం అలుక్కుపోతుంది. మరీ ఆరితే పెళుసై రాలిపోతుంది. ఆ రెంటి నడుమ, మన్ను మాట వినే పూట ఒకటుంటుంది. ఆ పూట కోసం ఆమె కిటికీ దగ్గర కాచుకుని ఉంటుంది. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి, అన్నగారికి వీపు పెట్టి కూర్చుంటుంది గనుక, గదిలో వెనక ఏం జరిగినా ఆమెకు తెలియదని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

ప్రతి గిన్నె అడుగునా ఆయన బొటనవేలి ముద్ర ఉంటుంది. చుట్టూ కొన్నవాళ్ళ పేరుంటుంది. చెక్కినామె గుర్తు మాత్రం ఎక్కడా ఉండదు. ఉండాలని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు.

సారె ముందు గిన్నెలాయనకు మూడు అలవాట్లు. టక్కుటక్కు భరించలేక చెవుల్లో దూది కుక్కుకుంటాడు. ముద్ద నడిమికి వచ్చేదాకా చూపు పైకెత్తడు. ఈ రెండూ ఆయనకు తెలిసినవే. మూడోది ఆయనకు తెలియదు. సారె టక్కుమన్నప్పుడల్లా ఆయన తల ఒకసారి కిందికీ పైకీ ఊగుతుంది. చేతులు కదలకుండా ఉండాలని మోచేతులను తొడలకు బిగించి పట్టేవాడు. బిగిసిన ఒళ్ళు ఆ కుదుపునంతా మెడకు పంపేది. ఎదుట నిలబడి చూసేవారికి మాత్రం, ఒక పెద్దమనిషి ప్రసన్నంగా, నిదానంగా, "అలాగే, అలాగే" అంటున్నట్టుండేది.

ఆనాటికి గిన్నెలాయన రెండు పనులు అనుకున్నాడు. ఒకటి, భోజనశాలవారి గిన్నెలు మధ్యాహ్నంలోగా ముగించడం. రోజూ వచ్చి తినేవాళ్ళకు ఎవరి గిన్నె వాళ్ళకు, ఎవరి పేరు వాళ్ళ గిన్నెకు ఉండాలని ఆ యజమాని ముచ్చటపడ్డాడు. నిన్న చేసినవి మేడమీది గదిలో తడిగుడ్డల కింద ఆరుతున్నాయి. మిగిలినవి నేడు చేస్తే సరి.

రెండో పని ఒక్క మాట. "వెళ్ళకమ్మా."

దూరాన ఉన్న మట్టిపలకల కార్ఖానావారు చెల్లెలిని రమ్మన్నారట. ఏదో పెద్ద భవనానికి మేడంత మట్టిగోడ కడుతున్నారట. దాని నిండా మనిషెత్తు అక్షరాలు చెక్కాలట. ఈ సంగతి చెల్లెలు వదినతో చెప్పింది, వదిన మొగుడితో చెప్పింది. అన్నాచెల్లెళ్ళు మాత్రం ఒకరితో ఒకరు ఎత్తలేదు. ఇద్దరికీ మొహమాటం ఎక్కువ. ఈ మధ్యాహ్నం బస్సే గడువని వారం కిందట తెలిసిన దగ్గర్నుంచి గిన్నెలాయన ఆ ఒక్క మాటనూ మట్టిముద్దలకు వినిపించి సాధన చేస్తున్నాడు. ముద్దలు బాగానే విన్నాయి. భోజనాల దగ్గర చెల్లెలికి చెప్పాలి.

ఆ మాటలో 'అమ్మా' దగ్గర ఆయనకు ప్రతిసారీ నాలుక తడబడేది. చిన్నప్పుడు చెల్లెలికి ఆయన పెట్టిన ముద్దుపేరు వేరే ఉంది. ఆయన చేసిన ప్రతి పచ్చిబొమ్మ మీదా ఆ పిల్ల పుల్లతో గీతలు గీకేది. మట్టి నిండా ఏదో పిట్ట గంతులేసినట్టుండేది. ఆ గీతల్లోంచే ఆ పేరు పుట్టింది. తరువాత, తమ మొదటి ప్రదర్శనలో, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు ఆయన ఆ పేరుతోనే కేకేశాడు. జనం నవ్వారు. "నలుగురిలో అలా పిలవకన్నయ్యా," అంది చెల్లెలు. ఆయన 'నలుగురిలో' అన్న మాట వదిలేసి మిగిలినదంతా పాటించాడు. ఆనాటి నుంచి ఆమె "ఏమ్మా" అయింది, "ఇదిగో" అయింది. ఒంటరిగా ఉన్నప్పుడైనా ఆ పేరు వినిపిస్తుందేమోనని ఆమె కొన్నాళ్ళు చూసింది. తరువాత చూడటం మానేసింది.

గుర్ర్‌ర్... టక్.

మొదట భార్య వచ్చింది. సారె జోరందుకునేదాకా గుమ్మంలోనే ఆగి, ఆ తరువాతే లోపలికి అడుగు పెట్టింది.

"ఏవండీ, మా తమ్ముడొస్తున్నాడు. కొన్నాళ్ళుంటాడు. మేడమీది గది వాడికిస్తున్నా. సరేనా?"

టక్. తల ఊగింది.

"మీది వెన్నలాంటి మనసండీ," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆమెకు ఈ కిటుకు కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. వంటింటి గోడలకు చిలకాకుపచ్చ రంగు అలా వచ్చింది. పాలు తప్ప ఏదీ ముట్టని పిల్లి అలా వచ్చింది. తమ్ముడు అలాగే వచ్చి వెళుతుంటాడు. "ఆయన్ని అడిగే చేశాను," అని ఆమె ఎవరితోనైనా నిండు మనసుతో అనగలదు. అడిగిన మాట నిజమే మరి.

తరువాత పక్కింటి దర్జీ వచ్చాడు. ఆయనకు కిటుకు తెలియదు, కల్మషమూ తెలియదు.

"గురువుగారూ, కొట్టు ముందు గుడ్డలు పరుచుకోడానికి బల్లొకటి చేయించుకుంటున్నా. మేడమీద మీ దగ్గర పొడుగాటి చెక్కలున్నాయిగా, అవి తీసుకోనా?"

టక్.

"కొంచెం పొడుగెక్కువనుకుంటా. కోసుకోమంటారా?"

టక్.

దర్జీ కళ్ళు చెమర్చాయి. ఈ రోజుల్లో అడగ్గానే తలూపే మనుషులెక్కడున్నారని మెట్లెక్కాడు. ఆ చెక్కల మీదే నిన్నటి గిన్నెలున్నాయి. అప్పుడే దిగిన బావమరిది పెట్టెతో, రెండు ఇనుప గుండ్లతో గదిలోకి వచ్చాడు. రోజూ వ్యాయామం చేసే మనిషి. చేతులు ఖాళీగా ఉంటే తోచదు. "గిన్నెలా? ఇటివ్వండి. తడిగుడ్డలు కప్పి దాచిపెడితే ఎప్పటికారతాయండీ ఇవి? డాబా మీద ఎండలో పెడతా. మా బావకో పని తగ్గుతుంది," అన్నాడు. ఇద్దరూ కలిసి, పసిపిల్లలను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఒక్కొక్క గిన్నెనూ ఎత్తుకెళ్ళి, మండే ఎండలో వరసగా బోర్లించారు.

కింద భోజనశాల యజమాని వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాగితం ఉంది. గొంతులో పద్యం ఉంది.

"ఒక చిన్న మార్పండీ. పేరు కింద నేను కట్టిన పద్యం కూడా పడాలి. వినండి:

తిన్నవారి కడుపు నిండు, తిననివారి మనసు మండు,
ఉన్న పప్పు తరుగకుండు, మా భోజనశాలనందు...

ఇలా ఇంకో ఆరు పంక్తులున్నాయి. అన్ని గిన్నెల మీదా పడాలి. మీ చెల్లెలుగారు ఈ ఒక్క రాత్రిలో చెక్కేస్తారుగా?"

టక్.

"అంతేనంటారా! మీ ఇంట్లో పనంటే పనే."

కిటికీ దగ్గర గంటం ఒక్క క్షణం ఆగింది. అరచేతి వెడల్పు గిన్నె, ఎనిమిది పంక్తుల పద్యం, ఒక్క రాత్రి.  యజమాని వెళ్ళాక ఆమె గంటాన్ని గుడ్డతో తుడిచి, అదే గుడ్డలో చుట్టిపెట్టింది. చేతులు కడుక్కుంది. కొంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ, తలుచుకుంటే ఎంతసేపైనా తుడుచుకోగలిగినట్టు, చాలాసేపు నిలబడింది. తరువాత వచ్చి సారె పక్కన చేరింది.

గొంతు పెంచి అడగవలసిన మాటను ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"అన్నయ్యా, కార్ఖానావాళ్ళు రమ్మంటున్నారు. ఈ మధ్యాహ్నం బస్సుకే. పెద్ద గోడట."

టక్.

"నేను లేకపోతే నీకు కష్టమవుతుంది."

టక్.

"అయినా వెళ్ళమంటావా?"

ఆ క్షణాన గిన్నెలాయన మట్టిముద్ద మీద ఒంగి, దూది చెవులతో, "వెళ్ళకమ్మా, వెళ్ళకమ్మా" అని మనసులో వల్లె వేసుకుంటున్నాడు. మనసు వెళ్ళకంటోంది, తల వెళ్ళమంటోంది. మనసు లోపల ఉంది, తల బయట ఉంది.

టక్.

ఆమె ఆ తలను మరికాసేపు చూసింది. "వస్తానన్నయ్యా," అని, తడి ఆరని గిన్నెల మధ్యనుంచి ఒక్కటీ తగలకుండా నడిచి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సారె ఆగింది. గిన్నెలాయన చెవుల్లోంచి దూది తీసి, నడుము నిలబెట్టి, గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, ఇదిగో, భోజనానికి..." అంటూ వెనక్కి తిరిగాడు. కిటికీ ముందు పీట ఖాళీగా ఉంది. మేడమీద గిన్నెలు చూడటానికి వెళ్ళి ఉంటుందనుకుని మెట్లెక్కాడు.

గదిలో గిన్నెలు లేవు. చెక్కలు లేవు. చెల్లెలు లేదు. బావమరిది ఒక్కడు నేల మీద బోర్లా పడి, చేతుల మీద లేస్తూ వాలుతూ ఉన్నాడు.

"రా బావా! గది బ్రహ్మాండంగా ఉంది. గాలి ఆడుతోంది."

"నువ్వెప్పుడొచ్చావ్? నా గిన్నెలేవి?"

"నువ్వు తలూపాకే వచ్చాను. గిన్నెలకు ఎండ చూపించాను. వెళ్ళి చూడు, గలగల్లాడుతున్నాయి."

గిన్నెలాయన డాబా మీదికి పరుగెత్తాడు. గిన్నెలు నిజంగానే గలగల్లాడుతున్నాయి. మన్ను మాట వినే పూట ఎప్పుడో దాటిపోయింది. అంచుల నుంచి అడుగుల దాకా సన్నని పగుళ్ళు పాకాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే రెండుగా వచ్చింది.

కిందికి దిగేసరికి గదిలో సభ తీరి ఉంది. దర్జీ కృతజ్ఞత చెప్పుకోవడానికి చెక్క ముక్కొకటి చంకన పెట్టుకుని వచ్చాడు. భోజనశాల యజమాని పద్యంలో ఒక మాట మార్చడానికి వచ్చాడు. భార్య ఎందుకో గుమ్మం అంచునే నిలబడి ఉంది.

"ఎవరు కోయమన్నారయ్యా నా చెక్కల్ని?"

"మీరే కదండీ తలూపారు!"

"ఎవరు ఒప్పుకున్నారండీ పద్యానికి?"

"మీరే తలూపారు. ఒకసారి కాదు, పంక్తి పంక్తికీ ఊపారు. బాగుందనుకుని ఇంకో రెండు పంక్తులు కూడా కట్టాను."

"నేనా? నా తల నాకు తెలియకుండా ఊగుతుందా? మీరందరూ కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నారా?"

"కోపమెందుకు బావా, ఓసారి కూర్చుని చూపించు. తేలిపోతుంది," అన్నాడు వెనకే దిగివచ్చిన బావమరిది.

గిన్నెలాయన పంతంగా కూర్చుని, ముద్ద విసిరి, సారె వేశాడు. గుర్రుమంది. టక్కుమంది. అందరూ చుట్టూ చేరారు. గిన్నె లేస్తోంది. దర్జీ వినయంగా ఒంగి అడిగాడు.

"గురువుగారూ, ఈ సారె కూడా నాకిచ్చేస్తారా?"

టక్. తల ఊగింది.

"ఇల్లు?"

టక్.

"అయ్యయ్యో," అన్నాడు దర్జీ. భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

భార్య అప్పటికే వంటింట్లోంచి మెరుగుపెట్టిన పళ్ళెం ఒకటి తెచ్చింది. మాట్లాడకుండా మొగుడి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. గిన్నెలాయన చూపెత్తి చూశాడు. పళ్ళెంలో ఎవరో పెద్దమనిషి దయగా, ఉదారంగా, దేనికీ కాదనకుండా తలూపుతున్నాడు. ఆయన్ని చూస్తే ఎవరికైనా ఏదైనా అడగాలనిపిస్తుంది.

సారె ఆగింది. కొత్త గిన్నె ఆయన చేతుల్లోనే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు నీరసంగా.

"పిల్లికి ముందునుంచీ," అంది భార్య.

"పిల్లి కూడానా?"

"గోడల రంగు కూడా. ఆ లెక్కన చూసుకుంటే, నేను కాపురానికొచ్చాక ఈ ఇంట్లో మీరు ఒప్పుకున్నది ఒక్కటీ లేదండీ."

బావమరిది మెల్లగా పెట్టె ఎక్కడుందో చూసుకున్నాడు. గిన్నెలాయన మాత్రం ఆ మాట దగ్గర ఆగలేదు. ఆయన చూపు కిటికీ ముందు పీట మీదికి పోయింది. గుడ్డలో చుట్టిన గంటం అక్కడ ఒంటరిగా ఉంది.

"ఇంకెవరైనా... ఇంకెవరైనా అడిగారా ఈ పూట?"

భార్య పళ్ళెం కిందికి దించింది. 

"అమ్మాయి అడిగింది. వంటింట్లోంచి చూశాను. 'అన్నయ్య వెళ్ళమన్నాడు వదినా' అని చెప్పి, సంచీ తీసుకుని బయల్దేరింది. అది అవునని కాదమ్మా అని చెబ్దామనుకున్నాను. చెబితే మరి నా పిల్లి సంగతీ చెప్పాలి. ఆలోచించేలోపు గేటు చప్పుడైంది."

ఆమె ఏడుస్తోంది. గిన్నెలాయన తిట్టలేదు. తిట్టడానికి నోట్లో ఖాళీ లేదు. అక్కడ ఒకే ఒక్క మాట వారం నుంచీ అడ్డం పడి ఉంది. చేతిలోని పచ్చిగిన్నెతో అలాగే వీధిలోకి దూకాడు.

వెనకే భార్య పళ్ళెంతో, దర్జీ చెక్కముక్కతో, యజమాని పద్యంతో పరుగెత్తారు; ఉత్తచేతులతో బావమరిది వాళ్ళందరికన్నా ముందున్నాడు. వీధి మొత్తం అరుగుల మీదికి వచ్చింది. "ఏమైందండీ? ఎవరికేమైంది?" అని ఎవరో కేకేశారు. "ఏం కాలేదు, తలూపాడు!" అని యజమాని పరుగులోనే జవాబిచ్చాడు. అది విన్నవారికి భయం మరింత పెరిగింది.

బస్టాండులో బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఇంజను గడగడలాడుతోంది. ఆ గడగడకు అద్దాలు, సీట్లు, సీట్లలోని మనుషులు అందరూ అదురుతున్నారు. చెల్లెలు కిటికీ పక్కన ఉంది; అద్దం మూసి ఉంది. గిన్నెలాయన గిన్నె పట్టుకున్న చేతులతోనే అద్దం ముందు నిలబడి అరిచాడు.

"ఉండిపోతావా?"

ఆమె తల ఊగింది.

ఆయన గుండె నిండిపోయింది. వారం రోజుల బరువు దిగి ముఖం విప్పారింది. ఆనందంగా వెనకవాళ్ళ వైపు తిరగబోతూ, ఆమె పక్కనున్న ముసలాయన తల కూడా ఊగుతుండటం చూశాడు. ఆ వెనక నిద్రపోతున్న మనిషి తలా ఊగుతోంది. ఒళ్ళో పాప తల ఊగుతోంది. డ్రైవరు తల ఊగుతోంది. బస్సు బస్సంతా ప్రసన్నంగా, నిదానంగా, ఆయన ఏమడిగినా ఒప్పుకుంటోంది.

తలూపడం అంటే ఏమిటో గిన్నెలాయనకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

డ్రైవరు ఈ గుంపును చూసి, పళ్ళెం పట్టుకుని ఏడుస్తున్న ఆడమనిషిని చూసి, తప్పదనుకుని ఇంజను ఆపాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది. తలలన్నీ ఆగిపోయాయి. చెల్లెలు అద్దం పక్కకు జరిపింది.

అందరికన్నా ముందు వదిన అందుకుంది.

"అమ్మాయ్, దిగమ్మా! మీ అన్నయ్య ఊపింది అవునని కాదు. అది సారె కుదుపు. ఆయన దేనికీ ఒప్పుకోలేదు. రంగుకీ ఒప్పుకోలేదు, పిల్లికీ ఒప్పుకోలేదు. అన్నీ నేనే..."

"తెలుసు వదినా," అంది చెల్లెలు.

"తెలుసా?"

"పొద్దున పూట కిటికీ అద్దంలో అన్నయ్య తల కనిపిస్తూనే ఉంటుంది. నువ్వు పిల్లి గురించి అడిగిన రోజు కూడా చూశాను."

వదిన పళ్ళెం చాటున ముఖం దాచుకుంది. గిన్నెలాయన కిటికీకి మరింత దగ్గరగా జరిగాడు.

"తెలిసే అడిగావా నన్ను?"

"తెలిసే అడిగాను."

"సారె ఆగాక అడగొచ్చుగా, అమ్మా?"

ఆమె ఒళ్ళోని సంచీ పిడిని సర్దింది. సర్దినదాన్నే మళ్ళీ సర్దింది.

"ఆగాక అడిగితే నువ్వు వింటావన్నయ్యా. విని వద్దంటావు. నువ్వు వద్దంటే నేను వెళ్ళలేను." మరింత చిన్న గొంతుతో, "నాకు వెళ్ళాలనుంది. అరచెయ్యంత గిన్నెల మీదే ఇన్నాళ్ళూ గీశాను. నా అంత అక్షరం ఎలా ఉంటుందో చూడాలనుంది," అంది.

భోజనశాల యజమాని గుంపులోంచి చెయ్యెత్తాడు. "అది సరేనమ్మా, మరి నా పద్యం?"

"పద్యమెందుకండీ గిన్నెకి? పేరు చాలు. పేరుంటే ఆ మనిషి మళ్ళీ వస్తాడు."

యజమాని కాగితం చూసుకున్నాడు. పది పంక్తులు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గిన్నెలాయన చేతుల్లో పచ్చిగిన్నె పరుగులో నలిగి, ఒకవైపు వాలి, మూతి ముడుచుకుని ఉంది. చెల్లెలు కిటికీలోంచి చెయ్యి చాచి దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. జడలోంచి పిన్నొకటి తీసి, అడుగున, ఆయన బొటనవేలి ముద్ర ఉండవలసిన చోటుకు పక్కన, మూడు పొట్టిగీతలు గీసింది. మట్టి మీద ఏదో పిట్ట వాలి, ఎగిరిపోయినట్టుంది.

"దీన్ని కాల్చు," అని తిరిగి ఇచ్చింది.

"గోడ ఒకచోట మందం, ఒకచోట పల్చన. బట్టీలో పగులుతుంది."

"పగిలినా సరే. కాల్చు."

ఆయన ఆ మూడు గీతల వైపు చూశాడు. ఈ గుర్తుకు ప్రతి గిన్నె అడుగునా చోటుండేది. బొటనవేలు కొంచెం పక్కకు జరిపి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ళలో అది ఆయనకు ఒక్కసారీ తట్టలేదు. నలుగురిలో వద్దన్న పేరును నాలుగు గోడల మధ్య పిలవవచ్చనీ తట్టలేదు. చెవుల్లో దూది ఈ ఒక్క పూటదే కాదేమోనని మొదటిసారి అనిపించింది.

డ్రైవరు తాళంచెవి మీద చెయ్యి వేసి, ఇంకెంతసేపన్నట్టు చూశాడు. చెల్లెలు కిటికీలోంచి ముందుకు వంగింది.

"ఇప్పుడు సారె లేదు. చెవుల్లో దూదీ లేదు," అంది. "అడుగుతున్నానన్నయ్యా. వెళ్ళనా?"

వారం రోజులు సాధన చేసిన మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఎంత బాగా కంఠస్థమైందంటే, నోరు తెరిస్తే అదే వస్తుంది. గిన్నెలాయన నోరు గట్టిగా మూసుకున్నాడు. ఊరికే తలూపితే సరిపోతుందనుకున్నాడు. ప్రయత్నించాడు. పొద్దుట్నుంచీ అడిగినవాళ్ళకల్లా ఊగిన తల, దర్జీకి ఇల్లు కూడా ఇచ్చేసిన తల, ఇప్పుడు బిగుసుకుపోయి ఒక్క వెంట్రుకవాసి కదలలేదు.

భార్య చూస్తోంది. దర్జీ చూస్తున్నాడు. బస్సులోవాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. నలుగురు కాదు, నలభైమంది ఉంటారు.

"వెళ్ళిరా," అన్నాడు గిన్నెలాయన. ఆ రోజు ఆయన ఇచ్చిన అనుమతులన్నింటిలోనూ నోటితో ఇచ్చింది అదొక్కటే. ఇవ్వడం ఇష్టం లేనిదీ అదొక్కటే. ఇంజను మళ్ళీ గడగడలాడింది. అందరి తలలూ ఊగసాగాయి. ఆయన గిన్నెను గుండెకు హత్తుకుని, ఆ గడగడను మించేలా, బస్టాండంతా తిరిగి చూసేలా కేకేశాడు.

"పిచ్చుకా!"